పదకొండు గంటల రికార్డింగు

నా సర్వీసు రిజిస్టరులో ఎర్ర సిరాతో రాసిన వాక్యం ఒకటుంది. పోలింగు జరుగుతుండగా ప్రిసైడింగ్ అధికారి ఎవరికీ చెప్పకుండా, తన ఇష్టప్రకారం బూత్ వదిలి వెళ్లినందుకు అభిశంసించడమైనది అని. ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు సాంఘికశాస్త్రం చెప్పాను. ఒక్కరోజు కూడా ఆలస్యంగా బడికి వెళ్లలేదు. నా గురించి ప్రభుత్వం ఎర్ర సిరాతో రాసుకున్నది మాత్రం ఆ ఒక్క వాక్యమే. అది అబద్ధం. అబద్ధమని రుజువు చేయడానికే నేను మొదటిసారి కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

అవి మండల పరిషత్ ఎన్నికలు. ఇంకా బ్యాలెట్ పెట్టెలే. ఆ సంవత్సరాల్లో పులివెందుల వైపు ఎన్నికల డ్యూటీ పడిందంటే అయివార్ల ఇళ్లలో పొయ్యి వెలిగేది కాదు. కొందరు డాక్టరు దగ్గర సర్టిఫికెట్ తెచ్చుకునేవారు, కొందరు ఎవరినో పట్టుకుని వేరే మండలానికి మార్పించుకునేవారు. నేను ఎవరినీ పట్టుకోలేదు. వేముల దాటాక ఒక పల్లెలో బూత్ ఇచ్చారు. పేపరు మడిచి జేబులో పెట్టుకుని ప్రొద్దుటూరులో బస్సెక్కాను.

ఆ బూతులోనే మొదటి పోలింగ్ అధికారిగా వచ్చినవాడు నాతో బి.ఇడి. చదివిన స్నేహితుడు. లెక్కల అయివారు. రైతు కుటుంబం, పెద్ద కులం. వాళ్ల ఊరు ఆ పల్లెకు కూతవేటు దూరం. తల్లి అక్కడే ఉండేది, పొలం అక్కడే. మా తాత మిషన్ బడిలో చదువుకుని క్రీస్తు మతం పుచ్చుకున్న కూలి మనిషి. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, బి.ఇడి. చదివేటప్పుడు ఒకసారి వాళ్ల ఇంటికి వెళ్లాను. నన్ను అరుగు మీదే కూర్చోబెట్టారు. వాళ్లమ్మ నీళ్లు తెచ్చింది. గూట్లో విడిగా పెట్టిన గ్లాసులో తెచ్చింది. తాగాక దాన్ని కడగమని నాకే చెప్పి, ప్రహరీ గోడ మీద బోర్లించమంది. గ్లాసు అంచుకు ఒక సొట్ట ఉండేది. నా స్నేహితుడు గడపలో నిలబడి ఇదంతా చూశాడు. ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత ఇరవై ఏళ్లు మేము స్నేహితులుగానే ఉన్నాం. కానీ అతను మా ఇంటికి వచ్చినప్పుడల్లా, ఇచ్చిన నీళ్లు తాగాడా లేదా అని నేను గ్లాసు వైపే చూసేవాణ్ణి. తాగేవాడు. అయినా చూసేవాణ్ణి.

పోలింగు రోజు మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో ఏడెనిమిది మంది లోపలికి వచ్చారు. బ్యాలెట్ పేపర్ల కట్ట ఇమ్మన్నారు. ఇవ్వనన్నాను. వాళ్లలో పెద్దమనిషి నా భుజం మీద చెయ్యేసి శాంతంగా మాట్లాడాడు.

“సార్‌కు పొద్దున్నించీ కడుపునొప్పంట. మొగం చూడు ఎట్ల పాలిపోయిందో. తోల్కపోయి ఆస్పత్రిలో ఇడ్సిపెట్టి రాండ్రా.”

“నాకు ఏ నొప్పీ లేదు” అన్నాను.

“ఇప్పుడు లేదు సార్. ఇంకొంచేపు ఈన్నే ఉంటే వస్తాది.”

చెరొక రెక్క పట్టుకున్నారు. జీపెక్కించారు. పులివెందుల బస్టాండు దగ్గర దించి, “టీ తాగి పోండి సార్” అని కూడా అన్నారు. నేను ఇంకో బస్సు పట్టుకుని తిరిగి వచ్చేసరికి ఐదయింది. పెట్టె నిండిపోయి, సీలు కూడా వేసి ఉంది. నా బదులు కాగితాల మీద సంతకం పెట్టింది నా స్నేహితుడు. ప్రిసైడింగ్ అధికారి అనారోగ్యమని చెప్పి తనంతట తానే వెళ్లిపోయారు అని రాసి పెట్టాడు. నా ముఖం వైపు చూడలేదు.

ఓడినవాళ్లు ఫిర్యాదు చేశారు. పైవాళ్లకు ఎవరో ఒకరు దొరకాలి. నాకు మెమో వచ్చింది. డ్యూటీ వదిలి ఎందుకు పారిపోయారో సంజాయిషీ ఇవ్వండి, ఆధారాలు ఉంటే విచారణలో చూపండి అని.

ఆధారం నా దగ్గర ఏముంది? రెక్కల మీద పట్టుకున్న గుర్తులు కూడా మూడు రోజులకే పోయాయి.

ప్రొద్దుటూరులో మా వీధి మొగలో ఒక డి.టి.పి. షాపు ఉండేది. పెళ్లి కార్డులు, పరీక్ష పేపర్లు, ఎన్నికలొస్తే కరపత్రాలు. నడిపే ఆయన ముస్లిం, నా ఈడువాడు. నేను భాయ్ అని పిలిచేవాణ్ణి. రెండు పార్టీల కరపత్రాలూ ఆయనే వేసేవాడు. అందుకే ఆయన మీద నాకు పూర్తి నమ్మకం లేదు. నా సంజాయిషీ టైపు చేయించడానికి వెళ్తే, టైపు చేస్తూ చేస్తూ ఆగాడు.

“సార్, ఈ జీపు సంగతి నేను టీవీలో ఇన్యా.”

“ఏ టీవీలో?”

“మన లోకల్ కేబుల్లో. ఆ పల్లెలో గెల్సినోళ్లు సభ పెట్న్యారు గదా, అది ఏస్తాండారు. ఆ పెద్దమనిషి మైకు పట్టుకోని అన్న్యాడు. ‘పెద్ద సార్‌ను మర్యాదగా జీపెక్కించి పంపినాం, అడ్డమొస్తే ఎవుర్నైనా అట్లనే పంపుతాం’ అని. జనం ఈలలు.”

నా నిజాన్ని ఆ మనిషే మైకులో చెప్పుకున్నాడు. “మళ్లీ వేస్తారా?” అన్నాను.

“వచ్చే వారమంతా ఏస్తారు. దినామూ పదకొండుకు ఒకతూరి, సాయంత్రం నాలుక్కి ఒకతూరి. కింద అక్షరాలు పోతాంటాయి గదా, చూళ్లేదా?”

నేను పదకొండుకూ నాలుగుకూ జమ్మలమడుగు దగ్గర బడిలో ఉంటాను. విచారణ దగ్గరపడింది, సెలవు అడిగితే దానికీ ఒక అర్థం తీస్తారు. కేబుల్ ఆఫీసుకు వెళ్లి క్యాసెట్ అడిగితే ఆ రోజే సభ మాయమవుతుంది. ఇంట్లో టేప్‌రికార్డర్ ఉంది కానీ, ఆ గంటకు బటన్ నొక్కేవాళ్లు కావాలి. నా భార్యను అడిగాను.

“నేనైతే దాన్ని ముట్టను” అంది. “వాళ్ల మాటలు మన ఇంట్లో పట్టి పెట్టుకునేదేంది? ఒక మెమో ఇచ్చినారు, పోనీ. ప్రాణాలతో వచ్చినారు, అది చాల్దా?”

“పారిపోయినానని రాస్తారు.”

“రాసుకోనీ. పారిపోయినోళ్లంతా బతికే ఉండారు ఈ జిల్లాలో.”

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఆమెతో ఇక ఆ సంగతి ఎత్తలేదు. భాయ్ దగ్గరికే వెళ్లాను. మనిషి లేకుండా అనుకున్న టైముకు దానంతటదే రికార్డు చేసుకునే పద్ధతి ఉందని ఆయనే చెప్పాడు. తన షాపులో పాత కంప్యూటర్ ఒకటి వాయిదాల మీద ఇచ్చి, ఆదివారం మా ఇంటికి మోసుకొచ్చి, హాల్లో టీవీ పక్కన బల్ల మీద పెట్టాడు. దాని ముందే ఒక చిన్న మైకు కూడా పెట్టాడు. ఆ గదిలో కూర్చోవడానికి మంచి కుర్చీ కూడా ఆ బల్ల ముందుదే.

భాయ్ చెప్పినవన్నీ నోటు పుస్తకంలో రాసుకున్నాను. ఆ పుస్తకం ఇంకా ఉంది. టీవీ వెనక తెలుపు, ఎరుపు రంధ్రాల్లోంచి తీగ తెచ్చి, కంప్యూటర్ వెనక నీలం రంధ్రంలో పెట్టాలి. అది లైన్ ఇన్. దాని పక్కన గులాబి రంగు రంధ్రం మైకుది. రెండూ ఒకేలా ఉంటాయి, రంగే తేడా. తీగ సరిగా పెట్టినంత మాత్రాన చాలదు. సాఫ్ట్‌వేర్‌లో కూడా ‘సోర్స్’ అనే చోట లైన్ ఇన్ అని ఎంచాలి. శబ్దం ఎక్కడినుంచి తీసుకోవాలో దానికి చెప్పాలన్నమాట. చెప్పకపోతే అది దానికి తోచిన చోటినుంచి తీసుకుంటుంది.

“శబ్దం వస్తాందో లేదో ఎట్ల తెలుస్తుంది?” అని అడిగాను.

“ఇదో ఈ ఆకుపచ్చ గీతలు చూడండి సార్. శబ్దముంటే లేస్తాయి. గట్టిగుంటే ఎర్రగైతాయి. మైకైతే ఏలితో రెండుసార్లు తట్టి చూడల్ల.” టక్ టక్ మని తట్టాడు. గీతలు ఎగిరాయి. “సభల్లో చేస్తారు గదా, అట్లనే.”

తర్వాత షెడ్యూల్. మొదలయ్యే టైము, ఆగే టైము, ఏ ఫోల్డర్‌లో దాచాలి. కంప్యూటర్ నిద్రపోకూడదు, తెర నల్లబడకూడదు అని ఆ రెండూ తీసేశాడు. టీవీని నేను పొద్దున బడికి వెళ్లేముందే ఆ ఛానల్‌లో పెట్టి, శబ్దం సున్నా చేసి, మీద గుడ్డ కప్పి వెళ్లాలి. శబ్దం సున్నా చేసినా తీగలోంచి వెళ్తూనే ఉంటుందట. ఇది నాకు బాగా నచ్చింది. బయటికి ఏమీ వినబడదు, లోపల మాత్రం అంతా నమోదవుతుంది.

“ఈ సంగతి ఎవరికీ చెప్పవద్దు భాయ్” అన్నాను.

“నేనెవురికి చెప్తా సార్?”

రెండు పార్టీల కరపత్రాలు వేసే మనిషి ఆ మాట అంటే ఎంతవరకు నమ్మాలో నాకు తెలియలేదు.

సోమవారం సాయంత్రం నాలుగుకు పెట్టాను. ఇంటికి వచ్చి చూస్తే గంట పొడుగున ఫైలు ఉంది. విన్నాను. తేనెటీగ తిరిగినట్టు ఒక రొద తప్ప ఏమీ లేదు. చాలాసేపు చూసి కనుక్కున్నాను. నేను నాలుగు అని కొట్టాను, అది తెల్లవారుజాము నాలుగు అనుకుంది. ఆదివారం రాత్రే దాన్ని సిద్ధం చేసి పడుకున్నాను, తెల్లవారుజామున టీవీ ఆగి ఉంది. తప్పు నాదే. అయినా నా అనుమానం తీరలేదు. తీగ పనిచేయడం లేదేమో, భాయ్ కావాలనే పాడైన తీగ ఇచ్చాడేమో అనిపించింది. కంప్యూటర్ అసలు వింటోందా లేదా చూద్దామని సోర్స్ మార్చి మైకు పెట్టాను. రెండుసార్లు తట్టాను. గీతలు లేచాయి. “హలో” అన్నాను. మళ్లీ పెట్టి వింటే నా గొంతు వచ్చింది. అంటే కంప్యూటర్ మంచిదే. తర్వాత టీవీ తీగ కూడా లాగి, మళ్లీ గట్టిగా గుచ్చాను.

ఆ వారం సాయంత్రం నాలుగుకు కరెంటు కోత అన్నారు. అందుకని మంగళవారం పొద్దున పదకొండుకు పెట్టాను. ఈసారి పగలో రాత్రో మూడుసార్లు చూసుకున్నాను. మానిటర్ ఆపితే ఏమవుతుందోనని దాన్ని కూడా వెలుగుతూనే వదిలేసి, టీవీ మీద గుడ్డ కప్పి, బస్సుకు పరిగెత్తాను. పరీక్ష కోసం మైకుకు మార్చిన సోర్స్‌ను తిరిగి లైన్ ఇన్‌కు మార్చలేదు. ఆ సంగతి నాకు సాయంత్రం ఇంటికి వచ్చి, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకున్న తర్వాతే తెలిసింది.

మొదట గోడగడియారం. వీధిలో కూరగాయల బండి. తలుపు చప్పుడు. నా భార్య గొంతు: “రాన్నా, ఆయన బడికి పోయినారే.” తర్వాత మగ గొంతు: “తెలుసుమ్మా.”

నా స్నేహితుడు. నేను ఇంట్లో ఉండనని తెలిసే వచ్చాడు.

కుర్చీ లాగిన చప్పుడు. కొంచెంసేపు ఏమీ లేదు. తర్వాత దగ్గరగా, గట్టిగా, టక్, టక్. అది ఏమిటో నాకు వెంటనే తెలిసింది. మా ఇంటికి ఎవరొచ్చినా నా భార్య ముందు మంచినీళ్లు ఇస్తుంది. గ్లాసును బల్ల మీద పెట్టిన చప్పుడది. తాగకుండా పెట్టాడు, పెట్టి ఇంకొంచెం అవతలికి జరిపాడు. అప్పుడు నాకు ప్రహరీ గోడ, సొట్టగ్లాసు కళ్ల ముందుకొచ్చాయి.

తర్వాత మాట్లాడాడు.

“అమ్మా, నీకొక్కదానికే చెప్తాండా. పోలింగు దినం మధ్యాన్నం రెండూ పది నిమిషాలకు, నేను ఆ బూతులో మొదటి బల్లకాడ కూచోనుండా. ఎనిమిది మంది వచ్చినారు. సార్ పేపర్లు ఇయ్యనన్న్యాడు. ఇద్దరు చెరో రెక్క పట్టుకోని ఎర్ర జీపులో ఎక్కించుకపోయినారు. నేను కండ్లారా చూసినా. సార్ తనకై తాను పోలేదు. సార్‌కు ఏ నొప్పీ లేదు. నేను వేరేగా రాసిచ్చినా. మా యమ్మ ఆ పక్క ఊర్లోనే ఉండాది. అందుకే రాసిచ్చినా.”

“ఈ మాట ఆయనకే చెప్పన్నా” అంది నా భార్య. “ఆ పెద్దాఫీసర్లకు చెప్పు.”

“చెప్పలేనమ్మా. నేను చెప్పలేను.”

“కూచో, కాఫీ పెట్టకొస్తా.”

“వద్దుమ్మా, బస్సుకు టైమైతాంది.”

చెప్పులు, తలుపు. మళ్లీ గోడగడియారం, గంట అయ్యేదాకా.

నేను దాన్ని ఆ సాయంత్రం నాలుగుసార్లు విన్నాను. రెండూ పది అట! నన్ను లాక్కుపోతుంటే గడియారం చూసుకున్నాడన్నమాట. లెక్కల అయివారు కదా, నిమిషాలు చెప్పకుండా మాట్లాడలేడు అనుకున్నాను. నా భార్యకు వినిపించాను. ఆమె కొంగుతో నోరు మూసుకుంది.

“నాకు చెప్పనైనా లేదు నువ్వు” అన్నాను.

“చెప్దామనే ఉండా. ముందు అన్నం పెట్టనీ అనుకున్నా.” హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి, “దీన్ని ఎవురికీ ఇయ్యొద్దండి. ఇదిస్తే ఆయప్ప తల్లి ఆ ఊర్లో ఉండగల్దా?” అంది.

“నేను ఈ ఊర్లో తలెత్తుకుని ఉండగలనా?”

ఆమె లేచి వంటింట్లోకి వెళ్లింది. గ్లాసు సంగతి ఆమెను నేను అడగలేదు. అడిగి ఉంటే అప్పుడే తెలిసేది. నాకు అడగాల్సినంత అనుమానమే రాలేదు. అంత ఖాయంగా ఉన్నాను.

బుధవారం సోర్స్ సరిగ్గా లైన్ ఇన్‌కు పెట్టాను. సభ మొత్తం వచ్చింది. డప్పులు, దండలు, ఒకరి తర్వాత ఒకరి మాటలు. ఆ పెద్దమనిషి గొంతు కూడా స్పష్టంగా వచ్చింది. “పెద్ద సార్‌ను” అన్నాడు. వెంటనే సన్నాయి మోగింది. సన్నాయి ఆగేసరికి జనం ఈలలు వేస్తున్నారు, ఆయన ఇంకేదో విషయంలోకి వెళ్లిపోయాడు. ఆ ముక్కను కత్తిరించి పాట అతికించారు. గురువారం, శుక్రవారం కూడా రికార్డు చేశాను. రోజూ అదే చోట అదే సన్నాయి.

భాయ్ విన్నప్పుడు ఉన్న మాట బుధవారానికి ఎందుకు పోయింది? నేను రికార్డు చేస్తున్నట్టు కేబుల్ వాళ్లకు ఎవరో చెప్పారు. తెలిసినవాళ్లు భాయ్, నా భార్య. మంగళవారం వచ్చిన నా స్నేహితుడు ఆ తీగలు చూసి ఉంటాడు. ఆ ముగ్గురి పేర్లూ నోటు పుస్తకంలో ఒకదాని కింద ఒకటి రాసుకున్నాను. ఇంతవరకూ ఏ పేరూ కొట్టేయలేదు.

విచారణ జమ్మలమడుగులో, ఒక ఆఫీసు మేడమీది గదిలో జరిగింది. నా సంచిలో రెండు సీడీలు ఉన్నాయి. ఒకటి సన్నాయి ఉన్నది. రెండోది మంగళవారం పదకొండు గంటలది. వరండాలో బెంచీ మీద పల్లెవాళ్లు ఇద్దరు కూర్చుని వేరుశనక్కాయలు వలుచుకుంటున్నారు. వాళ్లలో ఒకడు నా కుడి రెక్క పట్టుకున్నవాడు. “నొప్పి తగ్గిందా సార్?” అని పలకరించాడు.

నా స్నేహితుడు లోపల కూర్చుని ఉన్నాడు. అధికారి మొదటి సీడీ పెట్టించుకుని విన్నాడు. సన్నాయి దగ్గర తల ఎత్తి, “ఇదేనా మీ ఆధారం?” అన్నాడు.

“ఇక్కడ మాట కత్తిరించారు సార్.”

“కత్తిరించిన మాటను నేనెలా వినేది? ఇంకేమైనా ఉందా?”

నా స్నేహితుడు అప్పుడు మొదటిసారి నా వైపు చూశాడు. నా ముఖం వైపు కాదు, సంచి వైపు. సంచిలో ఏముందో వీడికి తెలుసు అనిపించింది. తెలిసి కూడా ఇంత నిబ్బరంగా ఉన్నాడంటే ఇందులో ఏదో ఉచ్చు ఉంది. నేను సీడీ తీస్తే ‘ఇది నా గొంతు కాదు’ అంటాడు, దొంగతనంగా రికార్డు చేశానని నా మీద ఇంకో కేసు పెడతారు. ఇదొక ఆలోచన. అతని తల్లి గురించి నా భార్య అన్న మాట ఇంకొకటి. మూడోది కూడా ఉంది, దాచడం ఎందుకు? దాన్ని ఇచ్చేస్తే నా దగ్గర అతని మీద ఏమీ మిగలదు. సంచిలో ఉన్నంతకాలం అతను నాకు బాకీ.

“లేదు సార్, అంతే” అన్నాను.

నా స్నేహితుణ్ణి అడిగారు. రాసిచ్చిన మాటే నాది అన్నాడు. నెల తిరక్కుండానే ఎర్ర సిరా వాక్యం వచ్చింది.

ఆ తర్వాత అతనితో నేను మాట్లాడలేదు. పెళ్లిళ్లలో ఎదురైతే పక్కకు తిరిగేవాణ్ణి. పరీక్ష పేపర్లు దిద్దే స్పాట్ వాల్యుయేషన్‌లో ఒకే గదిలో పదిరోజులు ఉండి కూడా పలకరించలేదు. ఒకసారి నా పెన్ను కింద పడితే తీసి ఇచ్చాడు. నేను ఆ పెన్నుతో మళ్లీ రాయలేదు. అలా ఏళ్లు గడిచాయి. ఆ పల్లె పెద్దమనిషి పార్టీ మారాడు, తర్వాత మంచాన పడి పోయాడు. నా స్నేహితుడి తల్లి కూడా పోయింది. అతను పొలం కౌలుకిచ్చి ప్రొద్దుటూరులో ఇల్లు కట్టుకున్నాడు. ఇద్దరం రిటైరయ్యాం.

ఈమధ్య ఒకరోజు పొద్దున పాలప్యాకెట్ కోసం వెళ్తే అంగడి దగ్గర దారికి అడ్డంగా నిలబడ్డాడు.

“ఏమప్పా, చచ్చేదాకా మాట్లాడవా?”

“నాతో మాటలేంది నీకు? రాసిచ్చినావు గదా.”

“రాసిచ్చినా. మళ్లీ చెప్పినా గూడా. నువ్వే ఇయ్యలా.”

“ఏది?”

“ఆ దినం మీ ఇంట్లో కంప్యూటర్‌లో చెప్పినా గదా, అది. జమ్మలమడుగులో సంచి ఒళ్లో పెట్టుకోని కూచున్యావు. ఇప్పుడు తీస్తావు, ఇప్పుడు తీస్తావు అని చూస్తాండా. తీయలా. ఎందుకు తీయలేదప్పా?”

పాలప్యాకెట్ చేతిలో చల్లగా ఉంది. నేను దాన్ని ఇంకో చేతిలోకి మార్చుకున్నాను.

“రికార్డు అవుతోందని నీకు తెలుసా?”

“బడిలో కంప్యూటర్ పాఠం చెప్పేది నేనే గదా. కుర్చీలో కూచుంటే ఎదురుగ్గా తెర. ఎర్రసుక్క ఎలుగుతాంది. మీ ఆవిడ మాట్లాడితే పచ్చగీతలు లేస్తాండాయి. నువ్వు అనుమానం మనిషివి. నేను వస్తానని ముందే లెక్కేసి మైకు పెట్టిపోయినావనుకున్యా. సరే, పెట్టినాడు గదా, చేత్తో ఇయ్యలేంది నోటితో ఇద్దాం అని టైముతో సహా చెప్పినా.”

“ఆఫీసరు అడిగినప్పుడు ఆ నోటితోనే చెప్పి ఉండవచ్చు గదా?”

“బయట బెంచీ మీద ఎవురు కూచోనుండారో చూసినావా లేదా? నాకై నేను చెప్తే ద్రోహం చేసినోన్ని. నువ్వు పట్టిస్తే ‘పాపం, వాన్ని ఆ సారు మోసం చేసి మాట్లాడించినాడు’ అంటారు. మా యమ్మ జోలికి రారు. ఆ మాత్రం నీకు తట్టలేదా? సాంఘికం చెప్పినోనివి!”

ఇదంతా ఇప్పుడు చెప్పడం సులువు. ఆ పెద్దమనిషి లేడు, తల్లి లేదు, భయం లేదు. ఇన్నేళ్ల తర్వాత తనకు అనుకూలంగా కథ అల్లుకుని వచ్చాడేమో! “చూస్తా” అని ఇంటికి వచ్చేశాను. పదకొండు గంటల సీడీ బీరువాలో చీర పెట్టెలో ఉంది. ఇప్పటి కంప్యూటర్లలో సీడీ పెట్టే చోటే లేదు. భాయ్ దగ్గర పాతది ఒకటుంటే పట్టుకెళ్లాను. ముసలివాడయ్యాడు, కానీ చెవులు బాగానే ఉన్నాయి. ఇద్దరం చెరొక చెవికి పెట్టుకుని విన్నాం. తలుపు, నా భార్య, కుర్చీ. టక్, టక్.

భాయ్ ఆపాడు. “ఏలితో తట్న్యాడు.”

“కాదు, గ్లాసు. బల్ల మీద పెట్టాడు.”

“గ్లాసు పెడితే దూరంగా ఇనపడతాది సార్, గల్లుమంటాది. ఇది మైకు మీదనే. నేను మీకు చూపించలా?” పక్కనున్న మైకును తట్టి రికార్డు చేసి, రెండూ ఒకదాని వెంట ఒకటి వినిపించాడు. తర్వాత బల్ల మీద తన టీ గ్లాసు పెట్టి అది కూడా వినిపించాడు. మూడుసార్లు అడిగితే మూడుసార్లూ వినిపించాడు.

ఇంటికి వెళ్లి నా భార్యను అడిగాను. ఆ రోజు అతనికి నీళ్లిచ్చావా అని.

“ఇచ్చినా. ఎండన పడి వచ్చినాడు, వాకిట్లోనే నిలబడి తాగినాడు. గ్లాసు నేనే లోపలికి తీసుకపోయినా. ఏం, ఇప్పుడెందుకు?”

“ఏం లేదు” అన్నాను.

ఎర్ర సిరా వాక్యం కొట్టేయమని ఇప్పుడు అర్జీ రాశాను. రిటైరైన మనిషికి దానివల్ల ఏం లాభమని భాయ్ టైపు చేస్తూ అడిగాడు. లాభం కోసం కాదు, అది అబద్ధం కాబట్టి అని చెప్పాను. సీడీ జతపరిచాను. సాక్షి సంతకానికి స్నేహితుణ్ణి రమ్మని భాయ్ చేత కబురు పెడితే, వస్తాడో రాడోనని అనుమానిస్తుండగానే వచ్చాడు. అర్జీ మొత్తం చదివాడు. రెండు చోట్ల అక్షరదోషాలు చూపించాడు. కింద సంతకం పెట్టి, పేరు, తండ్రి పేరు, ఊరు, టైముతో సహా రాశాడు.

నా భార్య నీళ్లు తెచ్చింది. నేను గ్లాసు వైపు చూడకూడదనుకున్నాను, చూశాను. అతను మొత్తం తాగి, ఖాళీ గ్లాసును నా ముందే బల్ల మీద గట్టిగా పెట్టాడు. ఎత్తి మళ్లీ పెట్టాడు.

“ఇది గ్లాసు చప్పుడప్పా” అన్నాడు. “బాగ ఇను. మళ్లీ ఇంకో ఇరవై ఏండ్లు నాకు ఓపిక లేదు.”

టక్ టక్ సంగతి భాయ్ కబురుతో పాటే చెప్పేశాడన్నమాట. నా భార్య నవ్వింది. నేను నవ్వలేదు. మైకును తట్టినవాడు, జమ్మలమడుగులో నేను ఆ గదిలోకి వచ్చినప్పుడు నా భుజం ఒక్కసారి తట్టి ఉంటే సరిపోయేది. ఆ మాట అతనితో అనలేదు. అర్జీ మడిచి కవర్లో పెట్టి, పోస్టాఫీసు మూసేలోపు రిజిస్టరు చేయించడానికి ఇద్దరం కలిసి బయలుదేరాం.